ఏం లేదులే

పెరంబూరు రైలుపెట్టెల కార్ఖానాలో
ఇరవై ఆరేళ్లు రేకుల మీద సుత్తి వేశాడు.
ఆ సుత్తి ఎప్పుడు తిరగబడి
ఆయన చెవిలోకి దిగిందో ఎవరం చూడలేదు.

మొదట పాలవాడి సైకిలు గంట పోయింది.
తర్వాత కుక్కరు కూత.
ఆ తర్వాత నా పేరులో మొదటి అక్షరం.

ఈ చివరిది నాకు ఆసుపత్రిలో తెలిసింది.
మలర్విళి అనే చిన్నపిల్ల
గళ్ల కాగితం మీద ఎర్ర గీత గీసింది,
మెట్లు దిగి నూతిలోకి వెళ్తున్నట్టు.
"సన్నటి శబ్దాలు ముందు పోతాయమ్మా.
స, శ, త, క. లావుపాటివి మిగులుతాయి"
అంది తమిళంలో, నా మొహంలోకి చూస్తూ.

సంపూర్ణ నా పేరు.
ఏడేళ్లుగా ఆయనకి అందుతున్నది
అం... ఊ... ణ...
పక్క గదిలో ఎవరో మూలుగుతున్నట్టు.

ఆ ఏడేళ్లూ నేనేమన్నానో చెప్పను.
కాదు, చెప్తాను.
పొగరన్నాను.
జీతం మాటైతే వినబడుతుంది, ఉప్పు తెమ్మంటే వినబడదు అన్నాను,
పెళ్లి పందిట్లో, మా చెల్లెళ్ల ముందు.
వాళ్లు నవ్వారు.
ఆయనా నవ్వాడు, దేనికో తెలియక.

ఝాన్సీ వంటింట్లోంచి
"నాన్నా, ఉద్యోగం వచ్చింది" అంటే
"ఫ్యాను ఆపేశానమ్మా" అన్నాడు.
పిల్ల మళ్లీ చెప్పలేదు.
"ఏం లేదులే" అంది.
మా ఇంట్లో ఉప్పుకన్నా ఎక్కువ వాడిన మాట అది.

చెవిటివాడి ముందు శంఖమూదితే
ఏం కొరుకుతున్నావని అడిగాడట.
సామెత చెప్పుకుని నవ్వుతాం.
పాపం, అతను చూశాడు కదా,
ఉబ్బిన బుగ్గల్ని, నోటి దగ్గరి తెల్లటి వస్తువుని.
ఊదినవాడే చూడలేదు అతన్ని.

మలర్విళి మా ఇద్దరి చెవుల్లో స్పాంజి ముక్కలు కుక్కి
ఫ్యాను పెద్దది చేసి
మా వెనక నడుస్తూ మాట్లాడింది.
మూతపెట్టిన గిన్నెలో మాటలు ఉడికాయి.
పది నిమిషాలకి నాకు మెడ పట్టేసింది.
ఝాన్సీ ఒకసారి "మళ్లీ చెప్పండి" అంది. రెండోసారీ అంది.
మూడోసారి అడగడానికి సిగ్గేసి
"ఆఁ, ఆఁ" అని తలూపింది,
అచ్చం వాళ్ల నాన్నలా.
బయట మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

వేరుశెనగ గింజంత మిషను వచ్చింది.
అద్భుతమేం జరగలేదు.
చీపురు, ప్లాస్టిక్ కవరు, నా చెప్పులు
అన్నీ ఒకేసారి మీద పడ్డాయి.
"ఇంత గోల ఎలా భరిస్తున్నారే మీరు?"
అని తీసి డబ్బాలో పెట్టేశాడు.
రెండో నెలకి గంటసేపు. నాలుగో నెలకి మధ్యాహ్నం దాకా.
కూరగాయల సంతలో ఇప్పటికీ పనికిరాదు.

మేమూ నేర్చుకుంటున్నాం, ఆలస్యంగా.
ముందు భుజం తట్టాలి.
గిన్నెలు తోముతూ గోడతో మాట్లాడకూడదు.
అరవకూడదు.
అరిస్తే మొహం ముడుచుకుంటుంది,
మాట వినబడదు, కోపం మాత్రం వినబడుతుంది.

మొన్న తుఫాను రాత్రి కరెంటు పోయింది.
మిషను డబ్బాలో ఉంది.
చీకట్లో ఆయనకి మేమెవరం లేనట్టే.
పొయ్యి దగ్గర నుంచి ఏదో అన్నాను, అలవాటు పోదు కదా.
"ఏంటి?" అన్నాడు, తప్పు దిక్కుకి తిరిగి.
ఆ పాత మాట నాలుక చివరిదాకా వచ్చింది.

మింగేశాను.
సెల్లులో టార్చి వేసి గడ్డం కింద పెట్టుకుని
వెళ్లి ఎదురుగా కూర్చుని
నింపాదిగా, పెదాలు విప్పి, చెప్పాను:
"పాలు విరిగాయి."

"అంతేనా?"
"అంతే."

"దెయ్యంలా ఉన్నావే సంపూర్ణా" అన్నాడు.
నేను వెలుగు తీసెయ్యబోతే
చెయ్యి పట్టుకుని ఆపాడు.
"ఉండనీ. ఇంకేంటి, చెప్పు."