నలభై మూడో పేజీలో పడవవాడు

రెండు వందల యాభై ఆరు పేజీలు. గట్టి అట్ట.
అట్ట మీద ఉప్పుతో చెక్కిన సింహాసనం,
దాని మీద రాజు, కళ్ళల్లో ఎర్ర సిరా.
చర్చి స్ట్రీట్‌లో కొన్నాను
ఆ నెల కరెంటు బిల్లు ఆలస్యంగా కట్టి.

బొమ్మలు బాగున్నాయి. ముందు అది చెప్పాలి.
పటాలు ఇంకా బాగున్నాయి, కొలతలే అబద్ధం:
ఒక రోజు నడక అని రాసిన దారి
వేలితో కొలిస్తే నాలుగు రోజులొచ్చింది.
మాలిని సివిల్ ఇంజనీరు. ఊరుకుంటుందా?

శుక్రవారాలు, కగ్గదాసపురలో, మూడో అంతస్తు.
ఆడించేది నేను.
రైల్వే గేటు పడితే ఆట అరగంట ఆలస్యం.
ఫిరోజ్ హెల్మెట్‌తోనే కూర్చుని
"నా మాంత్రికుడు ఉన్నాడా, పోయాడా?" అనేవాడు.
ఎస్తేరు పగలు నర్సు, రాత్రి మా గాయాల లెక్క కూడా ఆమెదే.
చెంగల్రాయుడు కదిరి శనక్కాయలు ఒలిచి
పొట్టుని బల్ల మీద శత్రుసైన్యంగా నిలబెట్టేవాడు.

రాసినాయనకి మా మీద నమ్మకం లేదు.
ప్రతి గదికీ ఒక పెట్టె గీసి
"ఇది పైకి చదవండి" అంటాడు.
చదివాను. మొదటి గదికి పదిహేడు వాక్యాలు.
పన్నెండులో పొగమంచు, పదమూడులో దుర్వాసన,
పదిహేడులో, ఆఖరున, గుమ్మంలో ఎలుగుబంటి.
ఎలుగుబంటిని ముందు చెప్పాలి స్వామీ!

"ఇక్కడ ఆటగాళ్ళు తప్పకుండా వంతెన ఎక్కుతారు"
(అరవై ఒకటో పేజీ).
తప్పకుండానట.
పాముల్ని చెరిపేసి నిచ్చెనలే ఉంచిన వైకుంఠపాళి,
గవ్వలు ఎలా పడ్డా పరమపదమే.

రహస్య ద్వారం సంగతి.
కథంతా దాని వెనకే ఉంది.
కనబడాలంటే పాచిక మీద పదిహేను పడాలి.
నలుగురూ వేశారు: మూడు, ఏడు, పదకొండు, మళ్ళీ మూడు.
బయట వాన. కరెంటు పోయింది.
ఫోన్ వెలుగులో పేజీలు తిరగేశాను,
దొరక్కపోతే ఏం చెయ్యాలో ఎక్కడా లేదు.
"గోడలోంచి ఒక ఎలుక బయటికొచ్చింది" అని అబద్ధమాడాను.
ఆ రాత్రే దానికి బారసాల కూడా చేసేశారు.

ఇక నలభై మూడో పేజీ. ఒక్కటే పంక్తి:
"పడవవాడు వాళ్ళని అవతలి ఒడ్డుకు దాటిస్తాడు."
పేరు లేదు, వయసు లేదు.
ప్రాణానికి మాత్రం అంకె వేశారు: నాలుగు.
చంపడానికి సరిపడా వివరం.

నీ పేరేంటి, అని అడిగింది మాలిని.
నా దగ్గర ఏమీ లేదు.
కింద వీధిలో ఎవరో గ్యాస్ సిలిండర్ దొర్లిస్తున్నారు.
తిప్పడు, అన్నాను. ఎందుకన్నానో.
పిల్లలా? ఒక కూతురు.
ఎక్కడుంది? ఉప్పు మళ్ళల్లో, రాజుగారి పనికి పోయింది.
ఎప్పుడొస్తుంది?
తిప్పడు తెడ్డు వేస్తూనే ఉన్నాడు.
కాసేపు ఎవరూ పాచిక ముట్టలేదు.

తర్వాత పదకొండు శుక్రవారాలు
వంతెన ఎక్కలేదు, కోటవైపు చూడలేదు.
మళ్ళల్లో కూలీల పేర్లు రాసుకుంటూ తిరిగారు.
చెంగల్రాయుడి దొంగ మొదటిసారి
ఒక ఇంట్లోంచి వట్టి చేతులతో బయటికొచ్చాడు.
మూసిన పుస్తకం మీద టీ గ్లాసులు పెట్టుకున్నాం,
రాజు మొహం మీద రెండు వలయాలు.

ఆయన పాపం రెండు వందల పదకొండో పేజీలో
మా కోసం ఇంకా కూర్చునే ఉన్నాడు,
పేజీన్నర ప్రసంగం కంఠతా పట్టి.
తానెందుకు చెడ్డవాడయ్యాడో అందులోనే చెప్తాడు,
చచ్చే ముందు, ఒకేసారి.
అంత మంచి సంగతి అంత వెనక దాస్తారా?

రేపు పుస్తకం ప్రణవికి ఇస్తున్నాను,
బనశంకరిలో ఆడిస్తుందట.
అంచుల్లో నా పెన్సిలు రాతలు అలాగే ఉంచాను,
ఎలుగుబంటి దగ్గర బాణం గుర్తుతో సహా.
నలభై మూడో పేజీలో మాత్రం రబ్బరు తీశాను.
ఆమె పడవలో ఎవరు ఏం అడుగుతారో,
ఆమె నోట ఏ పేరొస్తుందో.
చాలాసేపు రుద్దాను.
పూర్తిగా పోలేదు.
అప్పుడు గట్టిగా నొక్కి రాసినట్టున్నాను.