పదిహేడో నెంబరు కొట్టు

షట్టరు మీద ఎర్ర పెయింటుతో పదిహేడు వేసి
చుట్టూ సున్నా చుట్టిపోయినాడు పిల్లోడు.
పెయింటు ఆరకముందే
గౌస్‌పీర్ జిరాక్సు మిషను ఆటో ఎక్కింది.

కరకంబాడి రోడ్డులో మా కాంప్లెక్సు,
వానొస్తే మెట్లకింద బకెట్లు పెట్టుకునే కాంప్లెక్సు.
పైన టైపు ఇన్‌స్టిట్యూట్ మూతపడినాక
పావురాలే ఉండాయి, బాడుగ లేకుండా.
పడగొట్టద్దని నేననను.
నా నెత్తిన రెండుసార్లు పెచ్చు రాలింది.

మేనేజరు ప్లాను పరిచినాడు
నా కటింగు బల్ల మీదే.
కింద అంగళ్లు, పైన ఐదంతస్తుల ఇండ్లు.
బొమ్మలో చెట్లుండాయి,
గుమ్మాల ముందర చెప్పులే లేవు.
కొండ కనబడే పక్క అడుగుకు మున్నూరు ఎక్కువంట.
ఇరవైరెండేండ్లుగా
వెనక బాత్రూముకు పోయినప్పుడల్లా
ఊరికే చూసేసినానే!

"నా కొట్టు యాడ?" అంటే
పెన్ను మూతతో చూపించినాడు.
గడిలో గడి. లిఫ్టంట.

మెళ్లో టేపు తీసి ప్లాను మీద పెట్టినా.
సరిగ్గా అంగుళం,
జాకెట్టు గుండీపట్టీ వెడల్పు.

సరే.
రేపు నాలుగో అంతస్తు ఆడమనిషి
పాల ప్యాకెట్లు చంకన పెట్టుకోని
మీట నొక్కి
నేను ఫాల్సు కుట్టిన చోటే
నిలబడుకోనుంటాది కాసేపు.
ఆ కాసేపట్లో
చీర అంచు ఊడిందని
చూసి చెప్పేదెవరు?

మునెమ్మ టీ తెచ్చింది, రెండే గ్లాసులు.
మేనేజరు ప్లాను చుట్టబోతే
ఉండు సామీ, అన్నా,
కింద గుండుసూదులున్నాయి.