నిలుస్తాదా?

పొద్దున్న పది గంటలకి నా పటంలో
విజయనగరం జిల్లా పసుపు.
ఒక చిన్న అంకె మార్చాను, అర డిగ్రీ.
చంపావతికి రెండు పక్కలా నారింజ పాకింది.
టీ తాగి వచ్చేసరికి ఎరుపు.

పురుగు ఇంకా పైరాష్ట్రంలోనే ఉంది.

దానికి తిథి వారం లేవు, వేడి లెక్కే.
పన్నెండు డిగ్రీలకి పైన కాసిన ప్రతి డిగ్రీ
మస్టర్లో పడిన ఒక వేలిముద్ర.
కూలి నిండగానే గుడ్డు పగులుతుంది,
మళ్ళీ నిండితే చర్మం విడుస్తుంది,
మళ్ళీ నిండితే రెక్కలు.
చలిదేశాల్లో మంచు వచ్చి
అన్నిటినీ ఒకేసారి పనిలోంచి తీసేస్తుంది.
మా దగ్గర పుష్యమాసంలో కూడా
పని దొరుకుతుంది.

బూరివలసలో లింగాకర్షక బుట్ట కట్టడానికి వెళ్ళాను.
తవిటమ్మ చేను. ఎకరం పాతిక సెంట్లు,
మోకాలెత్తు మొక్కజొన్న.
"ఏటి బాబూ ఇది, దిష్టిబొమ్మా?"
ఆడపురుగు వాసన పెట్టామని, మగవి వచ్చి పడతాయని చెప్పాను.
"ఎక్కడైనా అదే మోసం," అని నవ్వింది.

ఫోన్లో పటం చూపించాను.
"మా ఊరేది?"
వేళ్ళతో పెద్దది చేశాను. ఇంకా పెద్దది చేశాను.
ఊరు రాలేదు, ఎర్ర గడి వచ్చింది.
ఆ గడిలో ఆండ్ర జలాశయం, రెండు కొండలు,
గజపతినగరం సంత, రైలు గేటు, ఈమె చేను.
అన్నిటికీ కలిపి ఒకటే ఉష్ణోగ్రత.

తవిటమ్మ మొక్క సుడిలోకి వేలు పోనిచ్చి
తీసి నా మణికట్టుకి రాసింది.
తొమ్మిదైనా ఆరని మంచునీరు.
"ఇది నీ పటంలో ఉందా?"
లేదు.
పురుగు కాపురం పెట్టేది జిల్లాలో కాదు,
ఆ సుడిలో.

"ఒచ్చీసినంత మాత్రాన అయిపోద్దేటి? నిలవాల.
మా తాతలు ఏడు కొంపలోళ్ళు కొండ దిగొచ్చినారంట.
మూడు కొంపలు తిరిగెలిపోనాయి.
మిగిలిన నాలుగే ఈ వలస.
ఈ మొక్కజొన్న మాత్రం? నా పెళ్ళినాటికి నేదు.
చోళ్ళు, గంటెలు.
ఇప్పుడు దీన్ని ఎవులైనా పైదంటారా?"

రెండేళ్ళు ఇంగ్లీషులో చదివాను నేను ఆ పాఠం.

బుట్ట ముడి సరిచూస్తుంటే
అడగకుండానే చెప్పింది:
"మాయమ్మకి నాకు ముందు ముగ్గురు. ఒక్కరూ నిలవనేదు.
నాను పుట్టిన మూడోనాడు సేటలో ఏసి
సోలెడు తవుడికి పక్కింటి పైడమ్మకి అమ్మీసినారు,
సావుకి నా ఇల్లు తెలీకుండా.
అలాగ నిలిచినాను.
నీ లెక్కలో తవుడుందా బాబూ?"

నా లెక్కలో వాన ఉంది, గాలిలో తేమ ఉంది.
గుడ్డుని తినే కందిరీగ లేదు, గోరింకలు లేవు,
పక్క రైతు భయపడి రెండింతలు కొట్టే మందు లేదు,
తుపాను ఏ రాత్రి ఎన్ని రెక్కల్ని
ఎక్కడ దింపుతుందో లేదు.
చేట లేదు.

రోజూ సాయంత్రం ఆమె మనవడు ఫోన్ చేసేవాడు.
సున్నా.
సున్నా.
వాడికి విసుగొచ్చి ఒక వారం చెయ్యలేదు,
ఆ వారం కూడా సున్నా అనే రాశాను,
తప్పని తెలిసీ.

నలభై ఒకటో రోజు ఆమే చేసింది.
"బుట్టలో ఏటీ నేదు బాబూ.
సుడిలో తవుడుంది."
అర్థం కాలేదు.
"తడి తవుడు. ఆకు జల్లెడైపోనాది.
దీన్ని ఏ తల్లి అమ్మీసిందో మరి."

పటం తెరిచాను.
ఆ గడి ఎప్పట్నించో ఎరుపే,
కొత్తగా వెయ్యడానికి రంగు లేదు.
నిజమైన జోస్యానికి సంతోషించే వీలూ లేదు.

ఆమె ఫోన్ పెట్టెయ్యడం మరిచిపోయింది.
ఆకులు రాసుకుంటున్న చప్పుడు,
గాజులు, ఒక దగ్గు.
పట్టిన మొక్కల్ని లెక్కపెడుతోంది,
ధాన్యం కొలిచే అలవాటున:
"లాభం...
రెండు...
ఇందుల నేదు...
మూడు..."