నాలుగింటి జడలు

మొదట తప్పుగానే రాశాను జాబితాలో:
‘జుట్టు దువ్వే దుకాణం లెక్కల పుస్తకం, ఒకటి.
అట్ట మీద నూనె మరక. విలువ: సాధారణం.’

బయట అలబామా జులై.
ఈ నేలమాళిగలో మాత్రం స్వెట్టరు వేసుకుని
తుప్పుపట్టిన పిన్నులు ఒక్కొక్కటే ఊడదీస్తున్నాను,
పసివాడి అరికాల్లో ముల్లు తీసినట్టు.
పిన్ను వస్తుంది. తుప్పు ఉండిపోతుంది
కాగితంలో, రెండు గోధుమరంగు కళ్ళై.

పుస్తకం ఇచ్చిన వెర్లీన్ టాలివర్‌కి ఎనభై తొమ్మిది.
పనిచెయ్యని డ్రయ్యరు టోపీలో దాచిందట దీన్ని.
షెరీఫ్ మనుషులు మూడుసార్లు సోదాకొచ్చారు.
మూడుసార్లూ ఆ టోపీ కింద
ఎవరో ఒకావిడ తడితలతో కూర్చుని
పత్రిక తిరగేస్తూనే ఉంది.

నా జాబితా చదివి
కట్టుడుపళ్ళు కదిలేలా నవ్వింది వెర్లీన్.
"తెల్లారుజామున నాలుగింటికి
తల దువ్వించుకునేదెవరే, పిచ్చిపిల్లా?"

అప్పుడు మళ్ళీ చదివాను.
‘తలంటు’ అంటే బస్సెక్కని మనిషిని పనికి దింపే కారు.
పక్కన డెబ్బై అయిదు సెంట్లు, పెట్రోలుకి.
‘వేడి దువ్వెన’ అంటే
కోర్టు మెట్లెక్కి ఓటు దరఖాస్తు అడగడం.
కొసలు కత్తిరిస్తే, పని ఊడిందని;
ఆ ఇంటికి మొక్కజొన్న పిండి పంపాలని.
‘రంగు’ అంటే ఏమిటో ఆవిడకే గుర్తు లేదు.
"ఏదో ఉండే ఉంటుందిలే."

ఏడు నెలలు
ఊళ్ళో బస్సులు ఖాళీగా తిరిగాయి.
ఏడు నెలలు
ఈ పుస్తకంలో ఎవరి జుట్టూ ఆరలేదు.

నవంబరు పంతొమ్మిది.
డెల్ఫీన్. వేడి దువ్వెన. నాలుగు గంటలకి.
ఎదురుగా, కాగితం చిరిగేంత నొక్కి, పెన్సిలుతో:
‘రాలేదు.’
ఆ తర్వాత ప్రతి పేజీలోనూ
నాలుగింటి దగ్గర ఒక వరస
ఎవరికీ ఇవ్వకుండా వదిలేశారు.

"దీనికేం రాయమంటారు?" అడిగాను.
ఆవిడ తన వేళ్ళ మీద
పాత కాలుడు మచ్చలు చూసుకుంటూ ఉండిపోయింది.
"దాన్ని జుట్టుగానే ఉండనీ."

మా ఫారంలో అన్నిటికీ గడులున్నాయి,
కొలతకీ, రంగుకీ, బూజుకీ.
ఆ వరసకి లేదు.

పురుగు చావాలంటే వారం రోజులు
పుస్తకాన్ని ఫ్రీజర్లో పెట్టాలని చెప్పాను.
సంచి మూతి అంటిస్తుంటే నా చెయ్యి పట్టుకుంది.
"ఆ పిల్లకి చలి పడదు," అంది.
మళ్ళీ తనే, "సరేలే, పెట్టు."

చీటీ మీద తేదీ వేశాను.
టైము గడిలో నాలుగు అని రాసి
చెరిపి
అప్పటి టైము వేశాను: పదకొండూ ఇరవై.