పది సెకన్లు

జుమ్మా బజార్ల పద్నాలుగు దినార్లకు దొరికిన లాప్‌టాప్.
ఏ అక్షరం నొక్కినా కింద ఇసుక కరకరమంటది.
జిలీబ్‌ల మా గది తీరుగనే దాన్నీ పంచుకున్నం:
నాకు డెబియన్, లస్మన్నకు మింట్,
దిల్ బహదూర్‌కు ఫెడోరా,
మూలకు ముప్పై జీబీ, రాజలింగు ఉబుంటుకు.
పాటలు, ఫోటోలు మాత్రం అందరివీ ఒక్క దగ్గరే,
బియ్యం డ్రమ్ము లెక్క.

ఆన్ జేస్తే నల్లటి తెర, నాలుగు పేర్లు, పది సెకన్లు.
ఎవని డ్యూటీ దిగితే వాడు బాణం నొక్కుడు.

మొన్న ఫెడోరా అప్‌డేటయి
తన పేరొక్కటే రాసుకున్నది.
"నా చిట్టీ లెక్కలు!" లస్మన్న నెత్తి పట్టుకున్నడు.
"యాడికి పోలే, లిస్టుల పేరు లేదంతే" అన్న.
అన్నంక
ఎవరం ఎవరి మొఖం చూడలే.

రాత్రి పెన్‌డ్రైవ్ పెట్టి డిస్కంతా దేవులాడిచ్చిన.
ఒకటి. రెండు. మూడు.
కొంచెం ఆగి, నాలుగోది.
రాజలింగు ఔట్‌పాసు మీద పోయి ఎనిమిది నెలలు.
పాస్‌వర్డ్ మాకెవరికీ తెల్వది.

ఆ ముప్పై జీబీ నాకియ్యరాదా, అంటడు దిల్ బహదూర్.
రేపు చూద్దామంటుంటెనే
పది సెకన్లయిపోయి
డెబియన్ దానంతటదే లేచింది.