గంగమ్మ జడ

ఐరాల పక్కన పల్లెలో
మొగిలమ్మ పెంకుటిల్లు విప్పతా ఉండాం.
పెంకులు దించినాం, దంతెలు దించినాం.
చెదలు తిన్న వాసాలు పొయ్యిలోకి,
తిననివి ఎండలోకి.
వేలాయుధం ఒక్కో మేకూ పీకి
డబ్బాలో వేస్తా లెక్కపెడతా ఉండాడు.

నడింట్లో కంబం మాత్రం ఎవురూ ముట్టుకోలేదు.
రాతి దిమ్మె మింద నిలబడిన చింతమాను.
తలకాడ చుట్టూతా ఏటవాలు గాడులు,
అల్లినట్టు, తడిజుట్టు పిండినట్టు.
గంగమ్మ జడ అంటారు దాన్ని.
పాలెగాణ్ణి వెతుకుతా
వేషాలు మార్చి మార్చి అలిసిన తల్లి
ఒక రాత్రి ఈ ఇంట్లో వొరిగిందంట,
తెల్లారి లేచిపోతా జడ మరిచిందంట.
అందుకే ఏటా మాఘంలో
ఎర్రచీమలు బారుకట్టి మొక్కను వస్తాయంట.

మా నాయన అనేవాడు:
మాను అబద్ధం చెప్పదురా,
దాని మింద పూసిందే చెప్తుంది.
ఉలి అంచుతో గీకినాను.
పసుపు కింద కుంకం, కుంకం కింద సున్నం,
సున్నం కింద ఆముదం మడ్డి,
అన్నిటికీ అడుగున నల్లగా, గాజుమాదిరి, ఏందో.
నాలిక్కి తగిలించుకున్నా.
బెల్లం.

అప్పుడు తెలిసింది, అవి పాయలు కాదు,
పండ్లు.
దీనికి జతమాను ఇంకొకటి ఉండుండాలి,
రెంటి నడుమా చెరుకు దూరి
పిప్పయి బయటికి వచ్చుండాలి,
ఎద్దులు కండ్లకు గంతలతో
రాత్రంతా తిరిగుండాలి.
ఇనప గానుగలు రాకముందు మాట.
గానుగ మూలబడితే మాను పారేస్తారా,
ఇంటికి కంబం చేసినారు.
చీమలకు మాత్రం ఎవురూ చెప్పలేదు.

నవ్వుకుంటా ఇంకో గాడి గీకినాను.
పండు మొదట్లో ఉలి ఠంగుమనింది.
ఇత్తడి. రూపాయి బిళ్లంత,
అప్పడంలా అణిగిపోయింది.
దానికి చుట్టుకోని నల్లదారం.
దారమే అనుకున్నా,
వేలి మింద వేసుకోని
వెలుతురుకు పెట్టి చూసిందాకా.

వేలాయుధాన్ని నీళ్లు తెమ్మని పంపించినా.
చెరుకు అందిచ్చే పిల్ల
గానుగ మిందికి ఎంత వొంగుతుందో
నా మెడతోనే కొలుచుకున్నా.

మొగిలమ్మ ఎప్పుడొచ్చిందో,
వెనకాల నిలబడి ఉండాది.
పసుపు తెచ్చిందేమో అనుకుంటే
కొంగుముడి విప్పతా ఉండాది.
అరిచేతిలో రెండు ఇత్తడి జడకుప్పెలు,
గుండ్రంగా, నలగకుండా.

"మూడోది దొరికిందా, ఆచారీ?"