నీటి పరీక్ష

ఈగిల్‌హాక్ అవతల ఒక గడ్డిబీడులో
పదకొండేళ్ళుగా కోళ్ళు కాపురమున్న కారవాన్ అది.
ఆరువందల డాలర్లు చేతిలో పెడితే
ముసలి మెర్విన్ లెక్కపెట్టుకోలేదు.
"కోళ్ళకి మాత్రం నువ్వే చెప్పాలి" అన్నాడు.

ఇరావతి తలుపు లాగింది.
తలుపు చేతికే వచ్చింది.
లోపల గూట్లో, ఈకల మధ్య
ఒక తెల్లటి గుడ్డు. ప్లాస్టిక్‌ది.
పెట్టల్ని నమ్మించడానికి పెట్టింది.
దాన్ని జేబులో వేసుకుని
"కొందాం నాన్నా" అంది,
అప్పటికే కొనేశానని తెలియక.

అరవై ఏడో సంవత్సరపు బండి.
సువర్చల దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చి
"ప్రదక్షిణం అయింది,
ఇక నిమజ్జనం చేసెయ్యండి" అంది.

శనివారాలు మొదలయ్యాయి.
కొండనాలుకకి మందెయ్యడమంటే ఏమిటో
ఒక్క మరమేకు విప్పితే తెలిసింది.
మేకు వెంట పట్టీ, పట్టీ వెంట రేకు,
రేకు వెనక గోడ
తడిసిన అప్పడంలా వేళ్ళకి అంటుకుంది.

బెండిగోలో లేతు ముందు ఇరవయ్యేళ్ళుగా
వెంట్రుకవాసి తేడా రానివ్వనివాణ్ణి.
ఇక్కడ ఏ మూలా మూలమట్టానికి ఒప్పుకోదు.
మొదటి ప్లైవుడ్ షీటు
కిటికీ కింద రెండు వేళ్ళు తక్కువ కోశాను.
"టేపు తప్పు" అన్నాను.
పన్నెండేళ్ళ పిల్ల
టేపు చివర కొక్కెం కదిపి చూసి,
ఏమీ అనకుండా
బల్లకి పనికొస్తుందని ఆ ముక్కని
గోడవారగా నిలబెట్టింది.

సుత్తి ఇవ్వడం సులువే.
ఇచ్చాక, మేకు వంగుతుంటే
చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డమే
నేనింకా నేర్చుకుంటున్న పని.

మే నెల చలి. గమ్‌చెట్టు మీద కాకటూలు
మా పనితనం మీద గౌరవం లేనట్టు అరుస్తున్నాయి.
పైకప్పు అతుకులన్నీ నేనే నింపాను,
ఎవర్నీ ముట్టనివ్వలేదు.
ఇక నీటి పరీక్ష.
నిచ్చెన మీద గొట్టంతో నేను,
లోపల టార్చితో తను.

"కారుతోందా?"
"కారవాన్ కదా నాన్నా,
పేరులోనే కారడమూ ఉంది, వానా ఉంది!"
దాని నవ్వు రేకు లోపల
డబ్బాలో గులకరాళ్ళలా దొర్లింది.
"నిజం చెప్పు. ఎక్కడైనా?"
కొంచెం ఆలస్యంగా వచ్చింది జవాబు.
"లేదు."

ఆ రాత్రి చెత్తబిన్ను రోడ్డు పక్కకి లాగుతున్నాను.
కారవాన్ పైన టార్చి వెలుతురు.
ముందు వైపు మూల దగ్గర, నా నిచ్చెన మీద,
వాళ్ళమ్మ పాత స్వెట్టర్లో నా పిల్ల.
నేను నింపిన గీతని గీకి తీసేసి
కొత్తది నింపుతోంది,
నాలుక చివర పళ్ళ మధ్య పెట్టుకుని,
ఒక్కోసారికి ఒక్కో జానెడు.

వెళ్ళి నిచ్చెన పట్టుకుంటే
నాకు తెలిసిందని తెలిసిపోతుంది.
పట్టుకోకపోతే, జారితే?
బిన్ను చక్రాల చప్పుడాపి
కంచె నీడలో నిలబడి
దిగేదాకా
చూపుతోనే ఆ నిచ్చెన పట్టుకున్నాను.

పై శనివారం
"ఇంకోసారి నీళ్ళు కొడదామా?" అని తనే అడిగింది.
ఈసారి లోపల నేనుంటానన్నాను.
మూలన, సీటు కింద, మర్చిపోయిన గిన్నె ఒకటి.
అడుగున ఇంకా పోయినవారం నీళ్ళు, అరంగుళం.

నెత్తిమీద నీళ్ళ మోత.
టార్చి వేసి ఆ మూలనే చూస్తున్నాను.
పొడిచెక్క. ఇంకా పొడిచెక్క.
"కారుతోందా?"
"లేదమ్మా."
"చూశావా, ఎంత బాగా నింపావో!"
అంది పైనుంచి, గొట్టం ఆపకుండా.

చక్రాలకి బేరింగులు రావాలి.
రిజిస్ట్రేషన్ సంగతి అడగొద్దు.
తలుపు ఇంకా తాడుతోనే కట్టి ఉంది.
గూట్లో, తను మళ్ళీ తెచ్చిపెట్టిన
ప్లాస్టిక్ గుడ్డు తెల్లగా మెరుస్తోంది.
నమ్మిన పెట్టలా
నేనింకాసేపు అక్కడే కూర్చున్నాను.